చాట్‌బాట్ తప్పు చెబితే బాధ్యత ఎవరిది?

బ్యాంకు యాప్‌లోనో, ఆన్‌లైన్ షాపింగ్ సైట్‌లోనో ఏదైనా అడిగితే, ఇప్పుడు చాలాచోట్ల ముందుగా జవాబిచ్చేది చాట్‌బాటే. అది చెప్పింది నమ్మి మీరు డబ్బు కట్టాక, 'మా నిబంధనల్లో అలా లేదు' అని సంస్థ చేతులెత్తేస్తే ఏం చేయాలి?

కెనడాలో ఏం జరిగింది?

2022లో కుటుంబంలో ఒకరు చనిపోవడంతో అత్యవసరంగా బయలుదేరిన ఓ ప్రయాణికుడు, ఇలాంటి సందర్భాల్లో ఇచ్చే రాయితీ గురించి ఎయిర్ కెనడా చాట్‌బాట్‌ను అడిగారు. టికెట్ కొన్నాక కూడా 90 రోజుల్లోగా దరఖాస్తు చేసుకోవచ్చని అది చెప్పింది. నిజానికి ప్రయాణం పూర్తయ్యాక ఆ రాయితీ ఇవ్వరు. సరైన సమాచారం వెబ్‌సైట్‌లోనే మరో పేజీలో ఉందని, చాట్‌బాట్ మాటలకు తాము బాధ్యులం కాదని సంస్థ వాదించింది. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రైబ్యునల్ ఈ వాదనను తోసిపుచ్చింది. పేజీలో రాసినా, చాట్‌బాట్ చెప్పినా బాధ్యత సంస్థదేనంటూ, వడ్డీ, ఖర్చులతో కలిపి సుమారు 812 కెనడా డాలర్లు చెల్లించమంది.

మన దగ్గర?

ఆ తీర్పును మన కోర్టులు పాటించి తీరాలనేమీ లేదు. అయితే చాట్‌బాట్ వాడినంత మాత్రాన 2019 వినియోగదారుల రక్షణ చట్టం నుంచి ఏ సంస్థకూ మినహాయింపు దొరకదు. సేవాలోపం ఉంటే మీరు ఫిర్యాదు చేయొచ్చు.

- చాట్ మొత్తాన్ని తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. సాక్ష్యం అదే.
- డబ్బు కట్టేముందు అదే విషయాన్ని సిబ్బందిని అడిగి, ఈమెయిల్‌లో జవాబు తీసుకోండి.
- చాట్‌లో ఓటీపీ, పిన్, కార్డు వివరాలు టైప్ చేయొద్దు.
- ముందు సంస్థకు ఫిర్యాదు చేసి, నంబరు దాచుకోండి. ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనూ మాట్లాడొచ్చు.
- బ్యాంకు 30 రోజుల్లో స్పందించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించొచ్చు.
- జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోగా కేసు వేయాలి. వస్తువుకు లేదా సేవకు మీరు చెల్లించింది రూ.5 లక్షల లోపైతే ఫీజు ఉండదు.

మీరే వ్యాపారి అయితే

జవాబిస్తున్నది యంత్రమని ముందే చెప్పండి. ధర, రీఫండ్, వారంటీ వంటి ప్రశ్నలకు మీరు రాసిపెట్టిన జవాబులే వెళ్లేలా చూడండి. మనిషితో మాట్లాడే దారి తెరిచి ఉంచండి. కస్టమర్ల ఆధార్, ఫోన్ నంబర్లను ఏఐ టూల్స్‌లో పెట్టొద్దు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమల్లోకి వస్తాయి. డేటాకు తగిన భద్రత కల్పించకపోతే రూ.250 కోట్ల వరకు జరిమానా పడొచ్చు.

ఒకవేళ మీ చాట్‌బాట్ పొరపాటున తక్కువ ధర చెప్పిందనుకోండి. కస్టమర్‌తో వాదనకు దిగేకన్నా ఆ ధరకే ఇచ్చి, వెంటనే తప్పు సరిచేయించడమే చాలాసార్లు చవక.