Chemo మందు కాదు.. కీమో మందు: ఒకే మందు, ఒకే డోసు.. ఒకరికి పని చేసి, ఇంకొకరికి ఎందుకు చేయదు? జవాబు రక్తంలోనే!

తొలకరి పడిందంటే చాలు.. కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాల వేట మొదలవుతుంది. ఎకరాల కొద్దీ మట్టిలో ఒక్క రాయి కోసం రోజంతా వెతుకుతారు. క్యాన్సర్ పేషెంట్ల రక్తంలో సైంటిస్టులు చేస్తున్న వేట కూడా అలాంటిదే. కోట్ల డీఎన్‌ఏ అక్షరాల్లో కీమో దెబ్బ తగిలిన ఒక్కదాన్ని పట్టుకోవాలి.

ఎందుకీ వేట?

కర్నూలు స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చేవాళ్లకైనా, కడప నుంచి తిరుపతికో హైదరాబాద్‌కో వెళ్లేవాళ్లకైనా ఒకటే టెన్షన్.. మందు పని చేస్తోందా? ఎత్తు, బరువు లెక్కగట్టి డోసు ఇచ్చినా ఒకరికి గడ్డ కరుగుతుంది, మరొకరికి వాంతులు, నీరసమే మిగులుతాయి. స్కానింగ్‌లో తేడా తెలియాలంటే సాధారణంగా రెండు మూడు సైకిల్స్ ఆగాల్సిందే.

మందు చేసే పనేంటి?

1978లో అమెరికాలో అనుమతి పొందిన సిస్‌ప్లాటిన్‌లో ప్లాటినం ఉంటుంది. డీఎన్‌ఏలో పక్కపక్కనే ఉన్న రెండు గ్వానిన్‌లను అది ముడేస్తుంది. ఇలా మందు అతుక్కున్న చోటునే అడక్ట్ అంటారు. ముడి పడితే డీఎన్‌ఏ కాపీ ఆగిపోయి కణం చనిపోతుంది. కానీ కొన్ని క్యాన్సర్ కణాలు ఆ ముడిని రిపేర్ చేసుకుని తప్పించుకుంటాయి.

ఎలా లెక్కపెడతారు?

రక్తంలోని తెల్లకణాల నుంచి డీఎన్‌ఏ తీసి, ఎంజైములతో ముక్కలు చేస్తారు. ఆ ముక్కలకు విద్యుదావేశం ఎక్కించి మాస్ స్పెక్ట్రోమీటర్‌లో బరువు తూస్తారు. మందు అంటుకున్న ముక్క బరువు మారుతుంది కాబట్టి దొరికిపోతుంది. బరువైన ఐసోటోపులతో తయారుచేసిన అలాంటి ముక్కనే తెలిసిన మోతాదులో ముందే కలుపుతారు. రెండింటినీ పోలిస్తే ఎన్ని ముడులున్నాయో తేలుతుంది.

అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీ సైంటిస్టులు సైక్లోఫాస్ఫమైడ్ వేసిన ముడులను ఇలాగే పేషెంట్ల రక్తంలో కొలిచారు. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ టీమ్ ఇంకో అడుగు ముందుకేసింది. అసలు చికిత్సకు ముందే కార్బోప్లాటిన్‌ను మామూలు డోసులో నూరో వంతు ఇచ్చి, ముడులు ఎన్ని పడ్డాయో చూసింది. తక్కువ పడితే మందు పని చేయకపోవచ్చని ముందే పసిగట్టడమే వాళ్ల లక్ష్యం.

మన దగ్గర దొరుకుతుందా?

ఇది ఇంకా రీసెర్చ్ దశలోనే ఉంది. మామూలు ఆస్పత్రుల్లో చేసే టెస్ట్ కాదు. పైగా రక్తకణాల్లో కనిపించిన దెబ్బే గడ్డలోనూ ఉంటుందని గ్యారంటీ లేదు. అందుకే మందు పడట్లేదని అనుమానం వస్తే కీమోని మధ్యలో ఆపేయకండి. ముందు మీ డాక్టర్‌ని అడగండి.