గుట్టమీది సీతాఫలం... పట్నంలో ఐస్‌క్రీం!

చిల్పూర్: కుబేరుని అప్పు ఎట్లా తీర్చాలా అన్న బుగులుతో వేంకటేశ్వరుడు ఈ గుట్టకు వచ్చి కూర్చున్నాడని ఇక్కడి స్థలపురాణం. అందుకే ఆయనకు బుగులు వేంకటేశ్వరస్వామి అని పేరు. గుట్టకింది కుర్రకారుకు అంతటి బుగులు లేదు గానీ, నలుగురు స్నేహితులు కలిసి పట్నం బయలుదేరితే వారికీ ఒక లెక్క తప్పదు. రైలు చార్జీ పోను తిండికి ఎంత మిగులుతుంది?

ఘన్‌పూర్ స్టేషన్‌లో బండెక్కితే జనగామ, ఆలేరు, భువనగిరి దాటి సికింద్రాబాద్. అక్కడ దిగి కోఠీ బస్సు పట్టుకుంటే ఆ తర్వాత కాలినడకే. చాట్ బండ్లు, మిర్చిబజ్జీల వాసన, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్టు... అన్నిటినీ దాటుకుని నడక మొజంజాహీ మార్కెట్ గడియార స్తంభం కింద ఆగుతుంది.

ఏడవ నిజాం రెండవ కుమారుడు మొజంజా పేరిట 1935లో రాతితో కట్టిన మార్కెట్ ఇది. చాలాకాలం ఆలనాపాలనా లేక చిక్కిపోయిన ఈ కట్టడానికి 2018లో మరమ్మతులు మొదలై, 2020లో మళ్ళీ కళ వచ్చింది. 2019లో హైదరాబాద్‌ను యునెస్కో తన సృజనాత్మక నగరాల జాబితాలో వంటకాల నగరంగా చేర్చింది. బిర్యానీ పేరు అందరికీ తెలుసు. తీపి సంగతి అంతగా ఎవరూ చెప్పరు. ఎండు ఖుబానీలను రాత్రంతా నానబెట్టి, చక్కెరతో ఉడికించి, గింజలు పగులగొట్టి లోపలి పప్పును పైన చల్లే ఖుబానీ కా మీఠా ఒక్కటి చాలు ఈ ఊరి ఓపిక తెలియడానికి. డబుల్ కా మీఠా అయితే డబుల్ రొట్టెను నేతిలో వేయించి పాకంలో, పాలల్లో నానబెట్టిందే.

మార్కెట్లో మాత్రం జనం గుమిగూడేది ఐస్‌క్రీం దుకాణాల ముందే. మామిడి, అంజీర్, సపోటా వంటివి ఎన్ని ఉన్నా, దసరా దాటిందంటే అందరూ అడిగేది సీతాఫల్.

చిల్పూరు వైపు నుంచి వెళ్ళినవారికి నవ్వు వచ్చేది ఇక్కడే. తెలంగాణలో రాళ్ళగుట్ట ఉన్నచోటల్లా సీతాఫలం చెట్టు ఉంటుంది. దానికి నీరు పోసినవారు లేరు, ఎరువు వేసినవారు లేరు. కళ్ళు విచ్చిన కాయను కోసుకొచ్చి గడ్డిలో మగ్గవేస్తే రెండు మూడు రోజుల్లో పండుతుంది. ఆపైన ఇక ఆగదు. ఇవాళ మెత్తబడితే రేపటికి పగులుతుంది, ఎల్లుండికి ఈగలపాలు. రోడ్డుపక్కన బుట్ట పెట్టుకుని కూర్చున్న అమ్మ సాయంత్రానికల్లా వచ్చిన ధరకు ఇచ్చేసేది అందుకే. బేరమాడే కారువారికి ఆ సంగతి బాగా తెలుసు! పండును నిలబెట్టే చల్లదనం ఆమె బుట్టలో లేదు. అది ఉన్నవాడు పట్నంలో గుజ్జు తీసి గడ్డకట్టించి దాచుకుంటాడు. సీజన్ దాటాక గిన్నెలో దొరికే సీతాఫల్ ఐస్‌క్రీం ఆ దాచిన గుజ్జుదే.

ఉప్పు చేసే పని

ఈ పండుతో ఇంకో చిక్కుంది. గుజ్జును పొయ్యిమీద వేడిచేస్తే చేదెక్కుతుంది. కాబట్టి పాలు మరిగించి, చిక్కబరచి, బాగా చల్లారాకే గుజ్జు కలపాలి. గింజలు తీయడం యంత్రానికి సులువుగా లొంగే పని కాదు. గింజ నలిగితే తినడానికి పనికిరాదు.

పాత పద్ధతి ఐస్‌క్రీం తయారీ చూసినవారు మరిచిపోరు. పెద్ద చెక్కబకెట్, దాని నడుమ పాలు పోసిన లోహపు డబ్బా, రెండింటి సందులో మంచుముక్కలు, దొడ్డుప్పు. ఉప్పు తగిలితే మంచు కరుగుతుంది గదా, మరి చల్లదనం ఎక్కడిది అని పిల్లలు అడుగుతారు. కిటుకంతా అందులోనే ఉంది. కరగడానికి కావలసిన వేడిని మంచు చుట్టూ ఉన్నదాని నుంచే, అంటే ముఖ్యంగా డబ్బాలోని పాల నుంచే లాక్కుంటుంది. ఉప్పు పాలు సరిగా కుదిరితే ఆ మిశ్రమం మైనస్ 21 డిగ్రీల దాకా దిగగలదు. డబ్బా గోడకు పాలు గడ్డకడుతుంటే, పిడి తిప్పేకొద్దీ లోపలి రెక్క దాన్ని గీకి మళ్ళీ పాలలో కలుపుతుంది. చేయి ఆగితే మంచు పలుకులు పెద్దవై నోటికి ఇసుకలా తగులుతుంది. ఐస్‌క్రీం నునుపంతా తిప్పినవాడి జబ్బల్లోనిదే. పిడికి మోటారు బిగించుకున్న దుకాణాలు ఉన్నా, ‘చేత్తో తిప్పింది’ అన్న మాటకు గిరాకీ తగ్గలేదు.

పొగ బిస్కెట్ల వింత

నలుగురు కుర్రాళ్ళు చేరినచోట వింతలకు కొదవ ఉండదు. రాతిపలకమీద పాలు పరచి చుట్టలుగా గీకిచ్చే ఐస్‌క్రీం వచ్చింది. చూడముచ్చట, హాని లేదు. నోట్లో వేసుకుంటే ముక్కులోంచి పొగలు వచ్చే బిస్కెట్ సంగతి అట్లా కాదు. అందులో పోసేది ద్రవ నత్రజని. అది మరిగేదే మైనస్ 196 డిగ్రీల వద్ద. ఆవిరైతే దాదాపు 700 రెట్లు ఉబ్బుతుంది. పూర్తిగా ఆరకముందే మింగితే నోరు, గొంతు కాలినట్టవుతాయి, కడుపులో పేగుకు చిల్లు పడే ప్రమాదమూ ఉంది. 2024 ఏప్రిల్‌లో కర్ణాటకలోని దావణగెరెలో ఇలాంటి బిస్కెట్ తిన్న బాలుడు విలవిలలాడిన దృశ్యం దేశమంతా చూసింది. మరుసటి నెలలో ఆ రాష్ట్రం తినుబండారాల్లో దీని వాడకాన్ని నిషేధించింది. జాతరల్లో, పెళ్ళి విందుల్లో పొగ కనబడగానే ఫోను తీసే పిల్లలను ఆ పొగ పూర్తిగా ఆరేదాకా ఆపడం పెద్దల పని. పట్నంలో అయినా ఊళ్ళో అయినా ఇంతే.

మొజంజాహీలో పండ్ల దుకాణాలూ ఉన్నాయి. ఊరి కుర్రాళ్ళు ముందు అక్కడ సీతాఫలం ధర కనుక్కుంటారు, తర్వాత ఐస్‌క్రీం గిన్నె ధర అడుగుతారు. రెండూ విన్నాక ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అయినా నలుగురికీ కలిపి రెండు గిన్నెలు, నాలుగు చెంచాలు చెప్పి, తిరుగు బండి వేళ చూసుకుంటారు.