ఫోను మొరాయిస్తే ఏం చేయాలి?

ధాన్యం అమ్మకానికి వాట్సాప్‌లో ‘హాయ్’ పెట్టి రోజు, సమయం ఎంచుకునే పద్ధతిని రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో తెచ్చింది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ రైతులకు సార్వా కోతలంటేనే తుపాన్ల భయం. కళ్లంలో రాశి ఉండి, పైన మబ్బు పట్టినవేళ ఫోను హ్యాంగైతే కాళ్లూ చేతులూ ఆడవు. కంగారు పడనక్కర్లేదు.

తెర కదలకపోతే పదేపదే నొక్కకుండా రెండు నిమిషాలు ఆగాలి. అప్పటికీ లాభం లేకపోతే పవర్ బటన్‌ను అరనిమిషం వదలకుండా నొక్కి పట్టాలి. కొన్ని ఫోన్లకు సౌండు తగ్గించే బటన్‌నూ కలిపి నొక్కాలి. ఆగి మళ్లీ వెలుగుతుంది. ఇందువల్ల ఫోటోలు, నంబర్లు పోవు. తెర నల్లగానే ఉంటే అరగంట ఛార్జింగు పెట్టి చూడాలి. ఎండకు వేడెక్కితే నీడన ఉంచాలి. వానకు తడిస్తే మాత్రం ఆరేదాకా ఛార్జింగు పెట్టరాదు.

తరచూ ఇలాగే అవుతుంటే మెమొరీ నిండిందేమో చూసుకుని, వాట్సాప్‌లో వచ్చిపడిన వీడియోలు తీసేయాలి. ‘ఫ్యాక్టరీ రీసెట్’ జోలికి పోతే ఫోనులోవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

మెసేజీగా ఓటీపీ వచ్చేది సిమ్ముకే గాని ఫోనుకు కాదు. మరీ తొందరైతే సిమ్ము తీసి ఇంట్లోవాళ్ల ఫోనులో వేసుకోవచ్చు. ఫోన్‌చేసి ఓటీపీ అడిగేవారికి మాత్రం చెప్పరాదు.