పాల బండి రాని రోజు



రాజమండ్రి నుంచి గోకవరం మీదుగా రంపచోడవరం వచ్చే దారిలో వాగు పొంగిందంటే ఆ పూటకి పాల బండి రానట్టే. ఒక వానాకాలంలో వరసగా మూడు రోజులు మా ఇంట్లో పాలు లేవు, పెరుగు లేదు, కూరల బుట్టలో వడలిపోయిన రెండు వంకాయలు తప్ప ఏమీ లేవు. పిల్లలకి ఏం పెట్టాలిరా భగవంతుడా అని గుమ్మంలో కూర్చుంటే, పెరటి దడి అవతల ఉండే కొండరెడ్ల అవ్వ చూసి నవ్వింది. "చోడిపిండుంది, నూకలున్నాయి, పెరట్లో మునగ చెట్టుంది. ఇంకా ఏం లేదంటావేటమ్మా?" అంది. ఆ మూడు రోజులూ మా వంట ఆవిడే చెప్పింది, నేను చేశాను.

ఇప్పుడు పట్నాల్లో వీగన్ భోజనం అంటున్నారు. 1944లో ఇంగ్లండులో డోనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కలిసి తెచ్చిన మాట అది. మాంసం, చేప, గుడ్డు మాత్రమే కాదు, పాలు, పెరుగు, నెయ్యి, చివరికి తేనె కూడా ముట్టకపోవడం అన్నమాట. మనలో మాంసం తినని వాళ్ళకి కూడా మజ్జిగన్నం లేకపోతే భోజనం ముగిసినట్టుండదు. అందుకని పాలకి బదులు ఒక డబ్బా, పెరుగుకి బదులు ఒక డబ్బా కొనుక్కోవాలేమో అని భయపడతాం. ఆ డబ్బాల ఖరీదు చూస్తే భయం ఇంకా పెరుగుతుంది!

నేనేమీ కొండవాళ్ళు శాకాహారులని చెప్పడం లేదు. కొండరెడ్లు, కోయదొరలు కోడినీ తింటారు, చేపనీ తింటారు. కాని వాళ్ళ పాతకాలపు వంట పాడిని నమ్ముకున్న వంట కాదు. చోళ్ళు, సామలు, కందులు, దుంపలు, ఆకులు, చింతపండు. వీటితోనే రుచీ, చిక్కదనమూ, పులుపూ రాబట్టడం వాళ్ళకి తెలుసు. మనం నేర్చుకోవలసింది అదే.

ముందు అంబలి సంగతి. మనం అంబలిలో పులుపు కోసం మజ్జిగ పోస్తాం. అవ్వ పొయ్యలేదు. రాత్రి గ్లాసుడు చోడిపిండిని రెండు గ్లాసుల నీళ్ళలో కలిపి మూతపెట్టమంది. తెల్లారేసరికి సన్నని పులుపు వాసన వచ్చింది. చలికాలమైతే పూర్తిగా ఒక రోజు పట్టవచ్చు. పొద్దున్నే అయిదు గ్లాసుల ఎసట్లో అర గ్లాసు బియ్యపు నూక పోసి మెత్తగా ఉడికించి, ఆ పులిసిన పిండిని సన్నని ధారగా పోస్తూ, తెడ్డు ఆపకుండా తిప్పాలి. పచ్చి వాసన పోయి, తళతళ మెరిసి తెడ్డుకి అంటుకోకుండా జారితే అయినట్టు. ఉప్పు వేసి చల్లారనిచ్చి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తాగాలి. నలుగురికి సరిపోతుంది. మా చిన్నవాడు మొదటి రోజు మొహం తిప్పుకున్నాడు, మూడో రోజు గ్లాసు చాపాడు.

పాలు లేకుండా పులియబెట్టడం మన వాళ్ళకీ కొత్త కాదు. తరవాణి కుండ గుర్తుందా? గంజి, బియ్యం కడుగు పోసి పులియబెట్టి, ఆ నీళ్ళలో అన్నం వేసుకుని పొద్దున్నే తినేవారు. మజ్జిగ దొరకని ఇంట్లో అదే మజ్జిగ.

ఇక చిక్కదనం. కూరలో పాలో మీగడో పోసే చోట వేయించిన నువ్వుల పొడి చాలు. ఏజెన్సీలో జీడిమామిడి తోటలు ఎక్కువ, ముక్క జీడిపప్పు గుండు పప్పు కంటే చవగ్గా వస్తుంది. గుప్పెడు ముక్కలు రెండు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బి, నీళ్ళు కలిపి దింపే ముందు పొయ్యండి. ముందే పోసి తెగ మరిగిస్తే విరిగినట్టవుతుంది. పచ్చి జీడిగింజలు దొరికితే మాత్రం జాగ్రత్త, తొక్కలోని జిగురు చేతులు పొక్కిస్తుంది. పులుసు పలచనైతే చెంచాడు చోడిపిండి నీళ్ళలో కలిపి పోసినా సరిపోతుంది.

పులుపుకి కాలమే చెబుతుంది. ఎండాకాలం మొదట్లో చింతచిగురు, తరవాత మామిడికాయ, వానల్లో గోంగూర, చలికాలంలో ఉసిరికాయ. ఇదే కందిపప్పు, పులుపు మారితే కొత్త వంట. మారేడుమిల్లి వెళ్ళిన వాళ్ళంతా బొంగు చికెన్ అడుగుతారు గాని, అదే పచ్చి బొంగులో నానిన బియ్యం, పచ్చి కందిగింజలు, ఉప్పు, తగినన్ని నీళ్ళు వేసి, అడ్డాకు బిరడా పెట్టి నిప్పుల మీద దొర్లిస్తే వచ్చే అన్నాన్ని ఎవరూ అడగరు. చుక్క నూనె అక్కరలేదు.

అయితే అడవిది కదా, అంతా అమృతమే అనుకోకండి. వానల్లో వచ్చే వెదురు కొమ్ముల్లో చేదుతో పాటు విషగుణం ఉంటుంది. సన్నగా తరిగి, బాగా ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి తరవాతే కూర చెయ్యాలి. అడవి దుంపల్లో కొన్నింటిని చాలాసేపు నీళ్ళలో నానబెట్టనిదే తినకూడదు. తెలిసిన వాళ్ళు చెప్పకుండా ముట్టవద్దు. మామిడి టెంక పిండి సంగతి మరీ బాధాకరం. అది రుచి కోసం తినేది కాదు, గింజలు అయిపోయిన నెలల్లో కడుపు నింపుకోవడానికి తినేది. 2001లో ఒరిస్సా రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో టెంక గంజి తాగిన వాళ్ళు మరణించారు. బూజు పట్టిన టెంకలా, ఆకలా కారణం అని పెద్ద వాదమే నడిచింది. బూజు పట్టిన ఏ గింజనైనా పారెయ్యవలసిందే. పారెయ్యగలగడం కూడా కలిగినవాళ్ళకే సాధ్యం అనుకోండి.

పాలు మానేస్తే ఎముకలకి బలం ఎలా అని అడుగుతారు. నూరు గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అన్నే పాలలో సుమారు 120. కాని చోళ్ళలోది అంతా ఒంటికి పట్టదు. పులియబెట్టినా, మొలకెత్తించినా మెరుగ్గా పడుతుంది. అవ్వ రాత్రంతా నానబెట్టమనడం రుచికే అనుకున్నాను అప్పుడు. మునగాకులో, తోటకూరలో ఉన్న ఇనుము పట్టాలంటే పక్కన నిమ్మరసమో, ఉసిరి పచ్చడో, జామపండో ఉండాలి. చింతపండుకి ఆ గుణం తక్కువ. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మాత్రం మానుకోండి, ఉన్న ఇనుమునీ పట్టనివ్వదు.

ఒక్క బి12 విటమిను మాత్రం మొక్కల్లో దొరకదు. అంబలి పులిసింది కదా, అందులో ఉంటుందిలే అనుకోవద్దు. ఏళ్ళ తరబడి పాలు, గుడ్డు పూర్తిగా మానిన వాళ్ళు డాక్టరునడిగి మాత్ర వేసుకోవాలి. ఆరు నెలల లోపు బిడ్డకి తల్లిపాలు తప్ప ఇంకేదీ వద్దు, అంబలి కూడా. గర్భిణికీ, బాలింతకీ అంగన్‌వాడీలో ఇచ్చే పాలూ గుడ్డూ ఎవరో ఏదో సిద్ధాంతం చెప్పారని వద్దనకండి. మానెయ్యాలని మనస్ఫూర్తిగా అనుకున్న తల్లి ముందు డాక్టరుతో మాట్లాడి, బి12కి ఏర్పాటు చేసుకుని అప్పుడు మానెయ్యాలి.

నాలుగో రోజు వాగు తగ్గి బండి వచ్చింది. పాలు తీసుకున్నాను గాని, పిండి కుండ కూడా మళ్ళీ నానబెట్టాను.