కర్ర నీడలో కాబా దూరం

కొత్త ఇల్లు కట్టుకునేవారు నమాజు గదికి పునాది తీసే ముందు అడిగే తొలి ప్రశ్న, ఖిబ్లా ఎటు అని. అమలాపురమైనా, రాజోలైనా, కొత్తపేటైనా పెద్దల జవాబు ఒక్కటే: పడమర. ఇంటి కుర్రవాడు ఫోను చూసి, కాదు, కాస్త ఉత్తరానికి తిరగాలంటాడు. మరొకరు అట్లాసు మీద స్కేలు పెట్టి మూడో దిక్కు చూపుతారు. మాటామాటా పెరిగి, చివరకు తాతలనాటి మస్జిదు మిహ్రాబు మీద కూడా అనుమానాలు మొదలవుతాయి. ఈ వివాదానికి మూలం ధర్మంలో లేదు; వృత్తంలోని చాపం లెక్కలో ఉంది.

ఏడడుగుల వ్యాసం గల నూతిని తీసుకోండి. దాని చుట్టుకొలత దాదాపు 22 అడుగులు. ఒర అంచున పావు చుట్టు నడిచిన చీమ అయిదున్నర అడుగులు నడుస్తుంది. అదే రెండు చోట్ల మధ్య దారం అడ్డంగా బిగించి లాగితే అయిదడుగులకు కాస్త తక్కువే వస్తుంది. చీమ నడిచినది చాపం, దారం జ్యా. చాపం పొడవు కనుగొనే సూత్రం సులభం: కేంద్రం వద్ద ఏర్పడే కోణాన్ని 360తో భాగించి, చుట్టుకొలతతో గుణించాలి.

భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. మనం నూతి ఒర మీది చీమల వంటివారం. నేలను తొలుచుకుని మక్కాకు పోలేము. కనుక మనకు కావలసినది చాపం. మరి కేంద్రం వద్ద కోణం తెలిసేదెలా?

ఏటా మే 27 లేక 28న మన సమయం మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు, జూలై 15 లేక 16న 2 గంటల 57 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా కాబా గృహం నడినెత్తిన ఉంటాడు. ఆ క్షణాన అమలాపురంలో మీటరు పొడవు కర్రను సమతలమైన నేలపై నిలపండి. దారానికి బరువు కట్టి వేలాడదీసి, కర్ర నిటారుగా ఉన్నదీ లేనిదీ సరిచూసుకోండి. నీడ సుమారు 84 సెంటీమీటర్లు పడుతుంది. కర్రనూ నీడనూ కాగితం మీద కొలతకు తగ్గించి గీసి, కర్ర కొన వద్ద కోణం కొలిస్తే 40 డిగ్రీలు వస్తుంది. సూర్యకిరణాలు సమాంతరంగా వస్తాయి కనుక, భూకేంద్రం వద్ద మనకూ మక్కాకూ మధ్య కోణమూ అంతే. 40 డిగ్రీలంటే వృత్తంలో తొమ్మిదో వంతు. 40,000ను 9తో భాగిస్తే దాదాపు 4,450 కిలోమీటర్లు. అదే కాబాకు మన దూరం.

దిక్కును కూడా ఆ నీడే తెలుపుతుంది. నీడ కొన వద్ద నిలబడి కర్ర వైపు చూస్తే అదే ఖిబ్లా. పడమర నుండి ఉత్తరానికి సుమారు 14 డిగ్రీలు. అట్లాసు మీద స్కేలు పెడితే ఆరేడు డిగ్రీలే వస్తుంది. గుండ్రని భూమిని చదునైన కాగితం మీద పరచినప్పుడు దిక్కులు కొంత తప్పుతాయి. అందుకే ఒకే ఊరిలో మూడు జవాబులు!

మన పూర్వీకులకు ఈ విద్య కొత్త కాదు. ఖలీఫా మామూన్ కాలంలో, అంటే 9వ శతాబ్దంలో, పండితులు సింజార్ మైదానంలో భూవృత్తపు ఒక డిగ్రీ పొడవును నేల మీద కొలిచారు. గజనీ నగరపు ఖిబ్లాను గణితంతో నిర్ధారించడానికి అల్ బీరూనీ ప్రత్యేకంగా ఒక గ్రంథమే రచించాడు. పంజాబులోని నందనా కోట వద్ద కొండపై నుండి భూవ్యాసార్థాన్ని లెక్కగట్టినవాడూ ఆయనే.

ఇక తాతలనాటి మస్జిదు మాట. కాబాకు దూరాన ఉన్నవారికి ఆ దిశ చాలునని హనఫీ ధర్మశాస్త్ర పండితులు నిర్ణయించారు. ఇరువైపులా 45 డిగ్రీల లోపు తేడా నమాజును చెడగొట్టదు. నేరుగా పడమరకు కట్టిన మస్జిదులో తేడా 14 డిగ్రీలే. కనుక పాత గోడలు పడగొట్టనక్కరలేదు, పెద్దల నమాజులను శంకించనక్కరలేదు. అయితే కొత్తగా కట్టేవారికి సరైన దిక్కు తెలుసుకునే వీలున్నప్పుడు ఉపేక్ష తగదు.

జూలైలో మబ్బు పట్టవచ్చు. మే నెల ఎండ మేలు. ఒక రోజు అటూ ఇటూ అయినా చెప్పుకోదగ్గ తేడా రాదు. ఈసారి ఆ మధ్యాహ్నం పిల్లలను పెరట్లోకి పిలిచి, కొబ్బరి నీడ పడని చోట ఒక కర్ర పాతించండి. కొలత మాత్రం వారి చేతే తీయించండి.