అనాస బంధువులు మన పెరట్లో

అనాసపండు తెలియని తెలుగువారు ఉండరు. తమిళనాట ఉన్న మేము దాన్ని 'అన్నాసి' అని కూడా అంటాం. అయితే ఆ అనాసకు చాలా పెద్ద బంధువర్గం ఉందనీ, అందులో ఎక్కువ మొక్కలు పండు కోసం కాక ఆకుల అందానికీ పూల రంగులకీ పెంచుకునేవనీ చాలామందికి తెలియదు. ఈ కుటుంబం పేరు బ్రొమీలియాడ్లు. ఓలాఫ్ బ్రొమీలియస్ అనే స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుని పేరు మీద ఈ పేరు వచ్చింది. మూడు వేలకు పైబడిన రకాల్లో ఒక్కటి తప్ప అన్నిటికీ పుట్టిల్లు అమెరికా ఖండాలే. ఆ ఒక్కటి పశ్చిమ ఆఫ్రికాది. 1493లో కొలంబస్ గ్వాడెలూప్ దీవిలో అనాసను చూశాడు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు దాన్ని మన దేశానికి తెచ్చారు. కాబట్టి ఈ కుటుంబం మనకు మరీ కొత్త చుట్టం కాదు.

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. మొక్కల గురించి నాకు తెలిసిందల్లా పెరట్లో చేతులు మట్టి చేసుకుని నేర్చుకున్నదే. మేముండేది ధర్మపురి జిల్లా మొరప్పూరులో. చెన్నై నుంచి సేలం వెళ్ళే రైలు మార్గంలో ఉన్న ఊరు ఇది. మామిడితోటలు, చింతచెట్లు, ఏప్రిల్, మే నెలల్లో మాడ్చే ఎండ మా సంపద. ఇలాంటి చోట బ్రెజిల్ అడవుల మొక్కలేమిటని ఆఫీసులో మిత్రులు నవ్వారు. కానీ ఈ మొక్కల తీరు తెలిస్తే అంత ఆశ్చర్యం ఉండదు.

వీటిలో చాలా రకాలు చెట్ల కొమ్మల మీద బతుకుతాయి. వేళ్ళు ముఖ్యంగా పట్టు కోసమే. ఆకుల మీద ఉండే సన్నని పొలుసులే నీటినీ పోషకాలనూ పీల్చుకుంటాయి. కొన్ని రకాల ఆకులు గిన్నెలా అమరి, మధ్యలో వాననీటిని నిలవ చేసుకుంటాయి. అనాసతో సహా చాలా రకాలు పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి. అందువల్ల నీటి ఖర్చు తక్కువ. ఆదాయం కొద్దిగా ఉన్నా పొదుపుగా గడుపుకొచ్చే సంసారం లాంటిదన్నమాట.

ఇంటి ముందు తోటలో వీటిని ఎక్కడ పెట్టాలన్నదే అసలు విషయం. రోజంతా ఎండ తగిలే గేటు పక్కన డిక్కియా అనే ముళ్ళ రకం బాగుంటుంది. కలబందలా దళసరి ఆకులు, గిన్నె ఉండదు, నీటి ఎద్దడికి ఓర్చుకుంటుంది. పిల్లలు తిరిగే దారికి మాత్రం దూరంగా పెట్టాలి. తెల్ల చారల అనాసను ఉదయపు ఎండ మాత్రమే తగిలే తూర్పు వైపు ఉంచాలి. బిల్‌బెర్జియా, ఎక్మియా, నియోరెజీలియా రకాలకు మామిడి నీడో, సగం ఎండను ఆపే షేడ్ నెట్టో కావాలి. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడితే ఆకులు మాడి మచ్చలు పడతాయి. గుజ్మేనియా పూలు చూడముచ్చటగా ఉంటాయి గాని, మా పొడి వేడిగాలికి ఆరుబయట అది తట్టుకోదు.

మట్టి ఎక్కువ వద్దు. కొబ్బరి పీచు ముక్కలు, బొగ్గు, ఇటుక ముక్కలు కలిపి, నీరు నిలవకుండా వేళ్ళకు పట్టు దొరికేలా పెడితే చాలు. మొదలు లోతుగా పాతితే కుళ్ళిపోతుంది. కుండీతో సహా రాళ్ళ మధ్య దించి చుట్టూ కంకర పోస్తే నేలలో పుట్టినట్టే కనబడుతుంది, ఎండ ముదిరినప్పుడు జరుపుకోవడమూ సులువు. తెగుళ్ళ మందు కొట్టేటప్పుడు రాగి కలిసిన బోర్డో మిశ్రమం వంటివి వీటి మీద పడనీయకండి. రాగి వీటికి విషం.

బ్రెజిల్‌లో రాబర్టో బర్లె మార్క్స్ (1909–1994) అనే తోటల రూపశిల్పి తమ దేశపు అడవుల్లోని ఈ మొక్కలను తెచ్చి, ఒకే రకాన్ని గుంపులుగా నాటి తోటలు తీర్చాడు. రియో దగ్గర ఆయన పెంచిన తోటను 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆయన పద్ధతి మన చిన్న పెరటికీ పనికొస్తుంది. పది రకాలు ఒక్కొక్కటి పెట్టేకన్నా ఒక రకం ఐదారు కలిపి పెడితే కంటికి నిండుగా ఉంటుంది.

ఇక నీటి సంగతి. మా జిల్లా బోరు నీటిలో ఉప్పులు ఎక్కువ, ఫ్లోరైడ్ బాధ ఉన్న ప్రాంతం. దానికోసమే హొగెనకల్ తాగునీటి పథకం వచ్చింది, 2013లో ప్రారంభమైంది. మనుషులు తాగవలసిన ఆ నీటిని అలంకారపు మొక్కలకు పోయడానికి నాకు మనసొప్పదు. బోరు నీరు పోస్తే ఆకుల మీద తెల్లని పొర కడుతుంది. తమిళనాడులో ఇళ్ళకు వాననీటి సేకరణ 2003లో తప్పనిసరి చేశారు. మా మిద్దె మీది వాననీరు మూతపెట్టిన తొట్టిలోకి వస్తుంది. ఈ మొక్కలకు అదే అమృతం.

నీరు అనగానే దోమ గుర్తొస్తుంది. 2017లో తమిళనాడులో డెంగీ విజృంభించింది. అప్పటినుంచీ ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి వస్తే ముందు చూసేది నిలవ నీటినే. మొన్న వానలకు ముందు మా అమ్మాయి ఆరు నెలల పిల్లవాడితో పుట్టింటికి వస్తున్నానని కబురు చేసింది. మా ఆవిడ మొక్కల వైపు చూపించి, "వీటి గిన్నెల్లో నీళ్ళుంటాయి. పసివాడుండే ఇంట్లో ఇవి ఉండొచ్చా? ఆ సంగతి ముందు తేల్చండి" అంది. ఆ ప్రశ్నను తోసిపుచ్చడానికి లేదు.

లోకంలో ఈ ప్రశ్న చాలాచోట్ల వచ్చింది. 2016లో జికా భయంతో అమెరికాలోని మయామీ బీచ్ బొటానికల్ గార్డెన్ తన బ్రొమీలియాడ్లను తీసివేసింది. మరోవైపు రియో నగరపు ఉద్యానవనంలో ఏడాదిపాటు వీటి గిన్నెల్లోని నీటిని పరిశీలిస్తే, 2,800కు పైగా దొరికిన దోమ పిల్లపురుగుల్లో డెంగీని మోసే రెండు రకాల ఈడిస్‌వి పది కూడా లేవు. 2009లో వెలువడిన పరిశోధన ఇది. అంటే ముప్పు తక్కువ కావచ్చు, సున్నా మాత్రం కాదు. పైగా రియోలో నిజమైనది మొరప్పూరులోనూ నిజమవుతుందని హామీ లేదు.

కాబట్టి మా ఇంట్లో ఇలా తేల్చుకున్నాం. వెడల్పు గిన్నె ఉన్న నియోరెజీలియాలను ఊరి బయట మామిడితోట ఉన్న స్నేహితునికి, జాగ్రత్తలన్నీ చెప్పి, ఇచ్చేశాను. డిక్కియా, చారల అనాస, కొమ్మకు వేలాడే టిల్లాండ్సియా మిగిలాయి. గిన్నె ఉన్నవాటిలో నాలుగు బిల్‌బెర్జియాలను మాత్రం ఉంచాం. ఈడిస్ గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. అందుచేత ప్రతి ఐదో రోజూ గొట్టంతో గిన్నెల్లో నీరు గట్టిగా చిమ్మి, పాత నీరంతా పొర్లిపోయేలా కడుగుతాను. బ్యాంకు అలవాటు పోక తేదీ వేసి పుస్తకంలో రాస్తాను. మా ఆవిడ పక్కన సంతకం పెడుతుంది. ఒక్క విడత తప్పినా ఆ నాలుగూ పోవాలన్నది ఆవిడ షరతు. ఇంతవరకు తప్పలేదు. కడగలేని రోజులుంటే దోమ పిల్లపురుగులను చంపే బి.టి.ఐ. అనే జీవసంబంధ మందు కూడా ఉంది. అంత శ్రద్ధ పెట్టడం కుదరనివారు గిన్నె లేని రకాలతోనే సరిపెట్టుకోవడం మంచిది.

చివరగా ఒక మాట. అరటి లాగే వీటిలో చాలా రకాల్లో తల్లి మొక్క ఒక్కసారే పూస్తుంది. పూత అయ్యాక తల్లి మెల్లగా వడలిపోతుంది. ఎండుతోందని కంగారుపడి పీకేయకండి. మొదట్లో పిలకలు వస్తాయి. అవి తల్లిలో మూడోవంతు పెరిగాక పదునైన కత్తితో కోసి, ఒకటి రెండు రోజులు గాయం ఆరనిచ్చి నాటుకోవాలి. పూత రాకుండా మొరాయించే ముదురు మొక్క ఉంటే గిన్నె నీరు పారబోసి, ఒక పండిన ఆపిల్‌తో కలిపి ప్లాస్టిక్ సంచిలో మూసి, నీడలో వారం ఉంచండి. పండు నుంచి వచ్చే ఎథిలీన్ వాయువు పూతను రప్పిస్తుంది. ఫలితానికి రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి.

పిలకలు ఎక్కువైతే ఇరుగుపొరుగుకు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు మొక్కతో పాటు ఆ ఐదు రోజుల నియమం కూడా తప్పక చెప్పి ఇవ్వండి.