అంతర్జాలములో కళ్ళజోడు

నల్లబల్లపై అక్షరములు కానరాకున్నను, ఖరీదునకు వెరచి కళ్ళజోడు కొనని విద్యార్థులు మా తరగతులలో కలరు. 2010లో లెన్స్‌కార్ట్ ఆన్‌లైను అమ్మకము ప్రారంభించినది మొదలు, విశాఖపట్నం పోకుండనే శృంగవరపుకోటకు తక్కువ వెల జోడు తెప్పించుకొను వీలు ఏర్పడినది.

చీటీలోని ప్లస్, మైనస్ గుర్తులను, సిలిండరు, యాక్సిస్ అంకెలను ఉన్నవున్నట్లు ఎక్కించవలెను. చీటీలో తరచు లేనిది కంటిపాపల నడిమి దూరము. పెద్దలలో అది సాధారణముగా 54 నుండి 74 మిల్లీమీటర్లు. అద్దపు కేంద్రము పాపకు ఎదురుగా నిలువనిచో, హెచ్చు పవరు వారికి తలనొప్పి కలుగవచ్చును. పరీక్షించినవారి చేతనే ఆ కొలత వ్రాయించుకొనుట మేలని మా తలంపు.

చలువ అద్దముల నలుపును చూచి మురియరాదు. ముదురు రంగు వెనుక పాప విప్పారును. అతినీలలోహిత కిరణములను ఆపని అద్దమైనచో అవి మరింతగా లోనికి చొచ్చును. ‘యువి 400’ గుర్తున్నదే కొనవలెను.